క్లచ్ పడిన చప్పుడు

ఆ షెడ్ల వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ గ్యాపు మేస్త్రి. ఎదురు షెడ్డులో రేడియేటర్లు అతికేవాడు పెట్టిన పేరది. ఎప్పుడు చూసినా బానెట్టు కింద తల దూర్చి, ఇనుముకీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి సందు ఎంతుందో చూసుకుంటూ ఉంటాడని అలా పిలిచాడు. మొదట్లో వెటకారంగా అన్నదే, ముప్ఫై ఏళ్లు గడిచేసరికి బిరుదై కూర్చుంది.

ఆయన పని కార్ల ఏసీలు. అందులోనూ కంప్రెసర్ క్లచ్. ఇంజను తిరుగుతున్నంతసేపూ బెల్టుతో పాటు కంప్రెసర్ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు, దాన్ని తాకీ తాకకుండా, అరచేయంత ప్లేటు ఒకటి ఊరికే నిలబడి ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లు ఏసీ మీట నొక్కగానే వెనకనున్న కాయిలు అయస్కాంతమై ఆ ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది. అప్పుడొక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తర్వాతే బండిలో చల్లగాలి.

గ్యాపు మేస్త్రికి ఆ చప్పుడే కొలబద్ద. 'టిక్' అంటే సందు సరిగ్గా ఉన్నట్టు. 'టక్' అంటే ఎక్కువైనట్టు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే పడుతుంది, మధ్యాహ్నం కాయిలు వేడెక్కాక లాగలేక ప్లేటు జారుతుంది. చప్పుడే లేకుండా పడితే సందు మరీ తక్కువైనట్టు. మీట ఆపినా రెండూ రాసుకుంటూనే ఉంటాయి. పుస్తకాల్లో దీనికి మిల్లీమీటర్ల లెక్కలున్నాయి. కొలవడానికి ఫీలర్ గేజి అని చాకులా మడిచే పరికరం ఉంది; దానికి పల్చటి ఉక్కు ఆకులు, ఒక్కో ఆకు మీద దాని మందం, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన, అంకెగా. మేస్త్రి దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. చెవి లేనివాడికి కదా గేజి అనేవాడు.

ఆయనకు మరో విద్య కూడా ఉంది. కంపెనీలు ఏడాదికోసారి బండికి కొత్త మొహం తగిలిస్తాయి గానీ లోపలి కంప్రెసర్ చాలాసార్లు అదే పాతది. ప్లగ్గు మారుస్తారు, పుల్లీ గాడి ఒకటి పెంచుతారు, ప్లేటు బొడ్డు కాస్త లోతు చేస్తారు. ఆ క్లచ్ విడిగా అడిగితే లేదంటారు, కంప్రెసర్ మొత్తం కొనమంటారు. ఏ ఏడాది బండి క్లచ్ ఏ ఏడాది బండికి పడుతుందో, ఎక్కడ సందు పెంచే పల్చటి షిమ్ము రింగు వేస్తే కుదురుతుందో మేస్త్రికి కంఠతా వచ్చు. సంబంధాలు కుదిర్చేవాడు రెండిళ్ల గుట్టూ తెలుసుకున్నట్టు తెలుసుకున్నాడు. ఒక్క నియమం మాత్రం తప్పేవాడు కాదు. ప్లేటునీ పుల్లీనీ విడదీసి, ఒక బండిది ఇంకో బండి దానికి జత చేసేవాడు కాదు. అవి రెండూ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి అరగదీసుకుని ఒకరి వంకర ఒకరికి అలవాటై ఉంటాయి, విడదీస్తే ఏదీ కుదురుగా కాపురం చెయ్యదు అని చెప్పేవాడు.

ఈ పని ఒక్కడు చేసేది కాదు. ఒకరు సీట్లో కూర్చుని మీట నొక్కాలి, ఇంకొకరు ముందు నిలబడి వినాలి. ఇరవై రెండేళ్లు ఆ సీట్లో కూర్చున్నది ఆయన బావమరిది. భార్యకు తమ్ముడు. కరెంటు పని వచ్చు, నోటికి అడ్డూ ఆపూ లేదు. "వేశా బావా" అని లోపల్నించి అతను అరవడం, "పడింది" అని ఈయన జవాబివ్వడం, ఆ వీధిలో రోజుకు పదిసార్లు వినిపించే పాట. చివరి కొన్నేళ్లలో, పని పూర్తవుతుందనగా ప్రతిసారీ బావమరిది ఒకటే మాట అనేవాడు, టీ చెప్పి రా బావా అని. వయసులో పెద్దవాణ్ని నేను వెళ్లాలా, నీకు కాళ్లు లేవా అని ఈయన సణిగేవాడు. సణుగుతూనే వీధి చివరికి వెళ్లి రెండు టీలు చెప్పి, తన గ్లాసు అక్కడే తాగి, రెండోది పట్టుకుని వచ్చేవాడు. ఆ పాటికి బావమరిది చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు.

ఆరేళ్ల కిందట భార్య పోయింది. పిల్లలు లేరు. షెడ్డు మీద రెండు గదులు, ఒక మంచం, కొక్కేనికి ఆమె చేతిసంచి. ఆ తర్వాత ఇల్లు క్రమంగా నిశ్శబ్దమైపోయింది. కుక్కరు కూత వెయ్యడం మానేసింది. గోడ గడియారం నడుస్తూనే చప్పుడు చెయ్యడం మానేసింది. కిటికీలో పిచ్చుకలు వాలేవి గానీ కిచకిచలు లేవు. మనిషి పోయిన ఇల్లు కదా, ఇలాగే ఉంటుందనుకున్నాడు. తేడా ఇంట్లో కాదు, తన చెవిలో ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక కూడా ఒప్పుకోలేదు.

ఆ సంగతి మొదట పైకి అన్నవాడు బావమరిదే. ఎనిమిది నెలల కిందట స్కూలు వ్యానతను వచ్చి ప్లేటు కీచుమంటోందని చెబితే, ఎక్కడయ్యా కీచు, నీ చెవిలోనా అని మేస్త్రి కోప్పడ్డాడు. వ్యానతను తెల్లబోయాడు. పరిస్థితి తేలిక చేద్దామని బావమరిది నవ్వుతూ అన్నాడు.

"మా బావ చెవులు ఈ మధ్య సెలవు పెట్టాయిలెండి. నేను చూస్తాను."

వ్యానతను నవ్వాడు. ఎదుటి షెడ్డులో రేడియేటరతనూ నవ్వాడు. మేస్త్రి చేతిలోని పానా కింద పెట్టి, నా నీడన బతికినవాడివి, నా పనికే వంక పెడతావా అన్నాడు. ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. బావమరిది వ్యాను పని పూర్తిచేశాడు, చేతులు కడుక్కున్నాడు, తన సొరుగు మూసి తాళంచెవి దాని మీదే పెట్టి వెళ్లిపోయాడు. ఊరి అవతలివైపు పెద్ద సర్వీసు సెంటర్లో చేరాడని తర్వాత రేడియేటరతను చెప్పాడు. ఎనిమిది నెలలుగా ఆ తాళంచెవి అక్కడే ఉంది. మేస్త్రి దాని మీది దుమ్ము కూడా తుడవలేదు.

ఒక్కడే పని చేసుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. రెండు బారల వైరు తీసుకుని దాని మధ్యలో మంచం పక్కన దీపానికి ఉండేలాంటి మీట ఒకటి తగిలించాడు. ఒక కొస బ్యాటరీకి, ఒక కొస కాయిలుకి. ముందు నిలబడే మీట నొక్కుకోవచ్చు, సీట్లో ఎవరూ అక్కర్లేదు. చూసినవాళ్లు మేస్త్రి బుర్రే బుర్ర అన్నారు. ఆయన మాత్రం మీట నొక్కి ఎదురుచూసేవాడు. చప్పుడు వచ్చేది కాదు. ప్లేటు కదలడం కంటికి కనిపించేది, అంతే. అందుకని పొడుగాటి స్క్రూడ్రైవరు మొన కంప్రెసర్ ఒంటికి ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకోవడం మొదలుపెట్టాడు. అలా పట్టుకుంటే ప్లేటు పడ్డప్పుడు దవడలో చిన్న దెబ్బ తగిలేది. ఆ దెబ్బ తగిలేదాకా సందు సర్దేవాడు. తగిలితే, అమ్మయ్య, ఇంకా నా పని నాకు వచ్చు అనుకునేవాడు.

చెవి పోయిందని వీధికి తెలిస్తే గ్యాపు మేస్త్రి దగ్గర బండి ఎవరు ఆపుతారు? ఆ పని లేకపోతే పొద్దున్నే మెట్లు దిగడానికి కారణం ఏముంది? ఆయన భయం అంతా అదే. ఆ నెలలో అప్పటికే రెండు బండ్లు తిరిగొచ్చాయి. రెండూ మధ్యాహ్నం పూటే.

మూడోది టాక్సీ ఆమెది.

నలభై దగ్గర పడిన మనిషి, మోచేతుల దాకా ఎండకు వేసుకునే గుడ్డ చేతితొడుగులు. డయాలసిస్‌కి వెళ్లే ఒక పెద్దాయన్ని వారానికి మూడు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఆయన ఎండ వేడికి ఓర్చుకోలేడు. ఏసీ లేకపోతే వాళ్లు ఇంకో బండి చూసుకుంటారని, పొద్దున ఎనిమిదికే వచ్చి నిలబడింది. పుల్లీ బేరింగు పోయింది, కాయిలు మాడింది. దుకాణాల్లో ఆమె బండి మోడలుకు క్లచ్ విడిగా లేదన్నారట. మేస్త్రి అటక మీంచి మూడేళ్ల ముందు మోడలుది ఒకటి దించాడు. ప్లేటు, పుల్లీ, కాయిలు మూడూ ఒకే బండివి.

పాతది కొత్త దానికి పడుతుందా అని ఆమె అడిగినట్టుంది. ఆయన వంగి ఉన్నాడు, ఆమె వెనక నిలబడింది. జవాబు రాకపోయేసరికి పనిలో ఉన్నాడనుకుని మెట్టు మీద కూర్చుంది.

పుల్లీ కూర్చోబెట్టి, బిగింపు రింగు ఏటవాలు వైపు బయటికి ఉండేలా వేశాడు. పాత కాయిలు వైరు కోసి, ఆమె బండి ప్లగ్గుకు అతికాడు. పాత ప్లేటు బొడ్డు ఆ ఇరుసు మీద కొంచెం లోతుకు దిగుతుంది గనుక కింద ఒక షిమ్ము వేశాడు. మీట నొక్కాడు. దవడలో ఏమీ తగల్లేదు. ఇంకో షిమ్ము వేశాడు. ఏదో ఉందనిపించింది. మందపాటిది ఇంకొకటి వేశాడు. ఈసారి దెబ్బ మెడ దాకా తెలిసింది. ఆయన మొహం విప్పారింది. ఆమె పది గంటలకల్లా బండి తీసుకుని వెళ్లింది.

పన్నెండున్నరకు తిరిగొచ్చింది.

బండి ఆగకముందే ఎదురు షెడ్డులోంచి రేడియేటరతను బయటికొచ్చాడు. ఆమె ఇంజను ఆపకుండా దిగి, బానెట్టు ఎత్తి, వినమన్నట్టు చెయ్యి చూపింది. మేస్త్రి ముందు నిలబడ్డాడు. పుల్లీ తిరుగుతోంది, ప్లేటు దానితో సగం తిరుగుతూ సగం జారుతోంది. కాలిన వాసన, నూలుపోగంత పొగ. ఆయన తల ఎత్తి చూశాడు. రేడియేటరతను రెండు చెవులూ మూసుకున్నాడు. దారిన పోతున్న ముసలావిడ మొహం చిట్లించుకుని నడక వేగం పెంచింది. టాక్సీ ఆమె పళ్లు పులిసినట్టు దవడ బిగబట్టుకుంది. ముగ్గురి మొహాల్లోనూ ఆ చప్పుడు కనిపిస్తోంది. ఆయనకు మాత్రం ఎక్కడో దూరంగా ఇంజను గురక తప్ప ఇంకేమీ లేదు.

చెయ్యి వేసి ఇంజను ఆపేశాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది గనుక ఈసారి మాట తెలిసింది.

"బండి కాదు మేస్త్రిగారూ, తోక తొక్కిన పిల్లి. ఆసుపత్రి గేటు దగ్గర కాపలాతను తలుపు తీసి మరీ పారిపోయాడు. నాలుగింటికి పెద్దాయన్ని మళ్లీ ఎక్కించుకోవాలి. ఇలాగే తీసుకెళ్లమంటారా?"

మూడున్నరకల్లా ఇస్తానన్నాడు. ఆమె టిఫిను డబ్బా తీసుకుని మెట్టు మీద కూర్చుంది.

ప్లేటు చల్లారేదాకా ఆగి విప్పాడు. అంచు వేడికి నీలంగా తిరిగింది, కానీ వంగలేదు. గరుకు కాయితంతో మాడిన పొర గీకాడు. కారణం ఆయనకు అప్పటికే అర్థమవుతోంది, అర్థం కాకూడదని మాత్రం ఉంది. దవడకు దెబ్బ తగలాలంటే ప్లేటు దూరం నుంచి వచ్చి గట్టిగా పడాలి. అంటే ఆయన సందు సరిచెయ్యడం లేదు, పెంచుతున్నాడు. బండికి ఎంత కావాలో అంత కాదు, తనకు తెలిసేటంత. తిరిగొచ్చిన మూడు బండ్లదీ అదే రోగం.

మందపాటి షిమ్ము తీసేస్తే ప్లేటు పుల్లీకి రాసుకుంటోంది. ఉంచితే జారుతోంది. మధ్యలో పల్చటిది కావాలి. తన డబ్బాలో లేదు. అలాంటివన్నీ బావమరిది దాచేవాడు.

కాసేపు ఆ సొరుగు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తాళంచెవి తీసి, దుమ్ము ఊది, తిప్పాడు.

ఫ్యూజులు, నల్ల టేపు చుట్టలు, రంగుల వారీగా కట్టిన వైరు ముక్కలు. ఓ మూల మాత్రల డబ్బాలో షిమ్ములు, కాయితమంత పల్చటివి. దాని కింద ఫీలర్ గేజి. మేస్త్రి దాన్ని విప్పి చూశాడు. అన్ని ఆకుల మీదా తయారైనప్పటి నూనె ఇంకా అంటుకునే ఉంది. ఒక్క ఆకు మాత్రం అద్దంలా అరిగిపోయింది. దాని మీది అంకె సగం చెరిగింది. నలభై.

కరెంటు పని చేసేవాడికి గేజి ఎందుకు?

గేజి కింద పొడుగాటి నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీలో తేదీ, బండి నంబరు, ఏ మోడలు క్లచ్ ఏ మోడలుకు వేసిందీ, ఆ తర్వాత రెండు వరసల్లో అంకెలు. మొదటి వరస మీద 'బావ' అని రాసి ఉంది. రెండో వరస మీద 'సరి' అని. మొదటి పేజీ తేదీ ఎనిమిదేళ్ల కిందటిది. అప్పటికి భార్య ఉంది.

మొదటి పేజీల్లో రెండు వరసలూ ఒకటే: నలభై, నలభై. అక్కడక్కడా నలభై అయిదు, నలభై. సగం పుస్తకం దాటాక మొదటి వరస యాభై అయింది, అరవై అయింది. చివరి పేజీల్లో డెబ్భై అయిదు కూడా ఉంది. రెండో వరస మాత్రం ఎక్కడా కదల్లేదు. పై నుంచి కింద దాకా నలభై, నలభై, నలభై.

మేస్త్రి అది నిలబడే చదివాడు. తను రోజుకు పదిసార్లు వీధి చివరికి వెళ్లి టీ చెప్పి, అక్కడే తాగి వచ్చేంతసేపు ఎంతో ఆయనకు తెలుసు. ప్లేటు విప్పి, ఒక షిమ్ము మార్చి, ఆకు దూర్చి చూసి, మళ్లీ బిగించడానికి సరిపోతుంది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి బావమరిది చేతులు ఎందుకు తుడుచుకుంటూ ఉండేవాడో ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. సీట్లో కూర్చుని మీట నొక్కేవాడి చేతికి గ్రీజు ఎలా అంటుతుంది?

నా నీడన బతికినవాడివి అన్న మాట ఆయనకు మళ్లీ వినిపించింది. అది వినడానికి చెవులు అక్కర్లేకపోయింది.

పల్చటి షిమ్ము వేసి, అరిగిన ఆకును సందులో దూర్చాడు. దూరింది. ఎంత బిగువుగా జారితే సరో ఆయనకు తెలియదు. సుమారుగా చూసి బిగించాడు. అలవాటుగా మీట ఉన్న వైరు చేతిలోకి తీసుకుని, స్క్రూడ్రైవరు పిడి పళ్ల దాకా తెచ్చాడు. మళ్లీ రెండూ పక్కన పెట్టేశాడు. మెట్టు దగ్గరికి వెళ్లాడు.

ఆమె డబ్బా కడిగి మూత పెడుతోంది.

"అమ్మా, ఒక పని చేసిపెట్టాలి. ముందు నిలబడి వినాలి. నాకు వినపడదు."

ఆ ముక్క ఎవరితోనూ అనలేదు ఎప్పుడూ. అనేశాక ఏదో జరుగుతుందనుకున్నాడు. ఏమీ జరగలేదు. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది.

"పొద్దున మూడుసార్లు అడిగా, పాతది పడుతుందా అని. పొగరనుకున్నా," అంది. "అదేదో అప్పుడే చెప్పొచ్చుగా. ఏం వినాలో చెప్పండి."

టిక్ అంటే సరి, టక్ అంటే కాదు, కీచుమంటే అసలే కాదు అని చెప్పాడు. సరిగ్గా ఉంటే చెయ్యి పైకెత్తమన్నాడు, నోటితో చెబితే తనకు తెలియదు గనుక. చెప్పి, వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

ముప్ఫై ఏళ్లలో బండి బాగుచేస్తూ ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఎత్తిన బానెట్టు గోడలా అడ్డం నిలబడింది. ముందున్న మనిషి కనిపించదు, పని కనిపించదు, ఏం జరుగుతోందో తెలియదు. మీట నొక్కి, అవతలివాడి మాట నమ్ముకుని కూర్చోవాలి. ఇరవై రెండేళ్లు ఒకడు ఇక్కడ ఇలాగే కూర్చున్నాడు.

ఇంజను వేసి మీట నొక్కాడు. బానెట్టు పైన ఏమీ లేదు. రేకు అంచు, దాని మీద ఎండ. మళ్లీ ఆపి, మళ్లీ నొక్కాడు. అప్పుడు బానెట్టు పక్క నుంచి చేతితొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి పైకి లేచింది. ఆగకుండా రెండుసార్లు ఊగింది.

పావుగంట అలాగే ఇంజను నడిపించి, వేడెక్కనిచ్చి, మళ్లీ మళ్లీ చూశారు. ప్రతిసారీ చెయ్యి లేచింది. వెళ్లేముందు ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ నెమ్మదిగా అంది, మళ్లీ పిల్లి అరిస్తే ఈసారి మిమ్మల్నే బండిలో కట్టేసుకుపోతా, మీకెలాగూ వినపడదు అని. ఆయనకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్లకో.

నాలుగైంది, అయిదైంది. బండి తిరిగి రాలేదు. రాలేదంటే నిలిచిందన్నమాట.

మర్నాడు భోజనాల వేళకు గేజినీ పుస్తకాన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కి ఊరి అవతలికి వెళ్లాడు. సర్వీసు సెంటరు అద్దాల గదిలో జనం టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. వెనక వరసగా బండ్లు, నీలం చొక్కాల మనుషులు. బావమరిది చొక్కాకు పేరు రాసిన బిళ్ల ఉంది. ఈయన్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సరిగ్గా మొహానికి మొహం పెట్టి నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడేవాడు. మీదమీదకొచ్చి మాట్లాడతావేంరా అని ఈయన విసుక్కునేవాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"నాకు వినపడట్లేదురా," అన్నాడు మేస్త్రి.

"తెలుసు బావా."

"ఎనిమిదేళ్ల నుంచీనా?"

"ముందు కనిపెట్టింది అక్క. మీ బావకు తెలిస్తే పని మానేసి మంచమెక్కుతాడు, చెప్పకు అంది. ఎలా దిద్దను, పక్కనే ఉంటాడు కదా అంటే, టీకి పంపు అంది."

మేస్త్రి ఆ రోజు అనకూడని మాట అన్నానన్నాడు. అన్నావు అన్నాడు బావమరిది. దాన్ని తేలిక చెయ్యలేదు, పొడిగించనూ లేదు. తిరిగి రాలేనని మాత్రం చెప్పాడు. ఇక్కడ పని కుదురుకుంది, పిల్లలకు ఈ పక్క బడి దగ్గర.

"రమ్మనడానికి రాలేదు. నీ సామాను నీకిచ్చి పోదామని," అంటూ మేస్త్రి సంచిలోంచి గేజి తీశాడు.

బావమరిది దాన్ని తీసుకుని, నలభై ఆకు విప్పి, తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకున్నాడు. లాగు అన్నాడు. మేస్త్రి లాగాడు. ఆకు సులువుగా వచ్చేసింది. ఇలా వస్తే ఎక్కువ అన్నాడు. మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి రాలేదు. ఇది తక్కువ. మూడోసారి పట్టుకున్నప్పుడు ఆకు వచ్చీ రానట్టు, పుస్తకం పేజీల మధ్య నుంచి నూనెకాయితం లాగినట్టు, వేళ్లను రాసుకుంటూ వచ్చింది.

"ఇంత," అన్నాడు బావమరిది. "చెవితో పని లేదు. వేలికి తెలుస్తుంది."

ఇంకో రెండుసార్లు లాగించాడు. ఈలోగా లోపల్నించి ఎవరో పిలిచినట్టున్నారు, అతను వెనక్కి తిరిగి ఏదో చెప్పాడు. గేజి మడిచి మేస్త్రి జేబులో పెట్టి, పుస్తకం కూడా ఉంచుకొమ్మన్నాడు. అందులో ఇంకా ఖాళీ పేజీలున్నాయన్నాడు.

ఇప్పుడు గ్యాపు మేస్త్రి దగ్గర బండి ఇస్తే, బండి తెచ్చినవాళ్లే ముందు నిలబడి చెయ్యెత్తాలి. మనతోనే పని చేయించుకునే మేస్త్రి లోకంలో ఈయనొక్కడే అని రేడియేటరతను వచ్చినవాళ్లకు చెబుతుంటాడు. చెప్పేటప్పుడు మేస్త్రి మొహం వైపు తిరిగి చెబుతాడు, ఆ మర్యాద మాత్రం నేర్చుకున్నాడు. వచ్చేవాళ్లలో కొందరు చెయ్యెత్తడానికి సిగ్గుపడి వేరే చోటికి వెళ్లిపోయారు. కొందరు మిగిలారు. మీట ఉన్న వైరు గోడకు మేకు మీద వేలాడుతోంది.

ఒక పని మాత్రం ఆయన మానలేదు. ప్లేటు బిగించడం పూర్తవగానే పుస్తకంలో బండి నంబరు వేసి, 'బావ' అన్న వరసలో తను పెట్టిన అంకె రాస్తాడు. పానా కింద పెట్టి, వీధి చివరికి నడిచి ఒక టీ చెప్పుకుని అక్కడే తాగుతాడు. షెడ్డులో బండి దిద్దడానికి ఎవరూ ఉండరు. తిరిగొచ్చి, బండిని ఎవరో వేరేవాడు చేసినట్టు, మొదట్నించీ ఆకు దూర్చి లాగి చూస్తాడు. వేలికి తెలిసేదాకా సరిచేసి, 'సరి' అన్న వరసలో నలభై అని రాస్తాడు.